కాగితంతో గిఫ్టులు, పండగ అలంకరణలు: మడత దగ్గర మొదలుపెట్టండి

ఎవరికైనా చేత్తో చేసిన కార్డు ఇద్దామని కూర్చుంటాం. రంగు కాగితాలు, గ్లిటర్, స్టిక్కర్లు, రిబ్బన్లు టేబుల్ నిండా పరుచుకుని రెండు గంటలు కష్టపడతాం, తీరా అయ్యాక చూసుకుంటే ఏదో వెలితి. ఒక అంచు బయటికి వచ్చి ఉంటుంది, మడత దగ్గర రంగు పగిలి తెల్లగా కనిపిస్తుంది, గమ్ పెట్టినచోట కాగితం ఉబ్బి ఉంటుంది. దాన్ని కప్పడానికి ఇంకో స్టిక్కర్ అంటిస్తాం. నేను చాలా కాలం ఇలాగే చేశాను. మడత, కోత, అంటింపు ఈ మూడూ శుభ్రంగా కుదిరితే ఒకే రంగు కాగితంతో చేసిన వస్తువైనా చూడముచ్చటగా ఉంటుందని ఆలస్యంగా అర్థమైంది. అందుకే ముందు కాగితం గురించి కాస్త చెప్పి, తర్వాత నాలుగు వస్తువులు చేయించాలని ఇది రాస్తున్నాను: పాపప్ కార్డు, మూత ఉన్న గిఫ్టు పెట్టె, వేలాడదీసే చక్రం, క్రేప్ పేపర్ గులాబీ. ఈ నాలుగూ చేతికొస్తే మిగతావి చాలావరకు మీరే కనిపెట్టుకుంటారు.

కాగితం సంగతి

కాగితం మందాన్ని జీఎస్ఎం లెక్కలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. మామూలు ప్రింటర్ కాగితం 75 నుంచి 80 జీఎస్ఎం. మడతల పని అంతా, అంటే పెట్టెలు, చక్రాలు, పక్షులు, ఈ మందంలోనే బాగా వస్తుంది, 100 దాకా ఫర్వాలేదు. కార్డు నిలబడాలంటే 200 నుంచి 250 ఉండాలి. 300 దాటితే చేత్తో మడవడం కష్టం, మడత దగ్గర పగులుతుంది కూడా.

మందం ఒక్కటే చూస్తే సరిపోదు. కాగితానికి ఒక దిశ ఉంటుంది, దీన్ని గ్రెయిన్ అంటారు. మిషన్ మీద కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా మిషన్ నడిచే దిశలోనే సర్దుకుంటుంది. అందుకే ఒకే షీట్ ఒకవైపు సులువుగా మడతపడి ఇంకోవైపు మొరాయిస్తుంది. కనుక్కోవడం తేలిక. షీటును గీత పడకుండా, రెండు అంచులు దగ్గరికి వచ్చేలా మెల్లగా వంచి పైనుంచి అరచేత్తో కాస్త ఒత్తండి. తర్వాత షీటును పక్కకు తిప్పి అలాగే చేయండి. ఏవైపు మెత్తగా లొంగిందో, ఆ వంపు గీత వెంబడి గ్రెయిన్ ఉన్నట్టు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక మూల చించి చూడండి, గ్రెయిన్ వెంట చింపితే చీలిక దాదాపు తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది.

పల్చటి కాగితంతో పనిచేస్తున్నప్పుడు దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. కార్డు మందం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కచ్చితంగా చూసుకోవాలి, ముఖ్యమైన మడత గ్రెయిన్ వెంబడే రావాలి. మీ కార్డులు మడత దగ్గర ఎప్పుడూ తెల్లగా పగులుతున్నాయంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

గీటు, కోత, గమ్

మందమైన కాగితాన్ని నేరుగా మడవకండి. ముందు గీటు పెట్టాలి. ఇంకు అయిపోయిన బాల్ పెన్ను చాలు, దీనికోసం ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. కాగితం కింద పాత మ్యాగజైనో, నాలుగైదు కాగితాలో మెత్తగా వేసుకుని, స్టీలు స్కేలు పెట్టి పెన్నుతో ఒకటికి రెండుసార్లు నొక్కి గీయండి. సన్నటి గాడి పడుతుంది, వెనకవైపు అదే చోట చిన్న ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు లోపలికి ఉండేలా మడవాలి, గాడి బయటివైపు ఉండాలి. వినడానికి తిరగేసి చెప్పినట్టు ఉంటుంది గానీ ఒకసారి రెండు రకాలుగానూ మడిచి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. మడిచాక స్టీలు చెంచా వెనకభాగంతో మడత మీద ఒక్కసారి రుద్దండి. రంగు కాగితమైతే పైన ఒక తెల్ల కాగితం వేసి రుద్దండి, లేకపోతే రుద్దినచోట మెరుపు మచ్చ పడుతుంది.

కోతకు కట్టర్ వాడేటప్పుడు ఒకే దెబ్బకు తెగాలని బలంగా నొక్కకండి. బలం పెట్టినప్పుడే స్కేలు జారుతుంది, వేలు తెగుతుంది. తేలిగ్గా మూడు నాలుగుసార్లు అదే గీత మీద పోనివ్వండి. అంచు పీచులు పీచులుగా వస్తుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం, కొన విరిచి కొత్త మొన తెచ్చుకోండి. పిల్లలు పక్కన కూర్చుని చేస్తుంటే కట్టర్ పని మీరు చేసి, మడతలు, అంటింపులు వాళ్లకు ఇవ్వండి. నిజానికి మడతల్లో వాళ్ల వేళ్లు మనకన్నా ఓపిగ్గా ఉంటాయి.

గమ్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి ముప్పై దాకా కార్డులు చేసి, అన్నిటికీ తెల్ల గమ్ ట్యూబు నుంచి నేరుగా ధారగా పెట్టి అంటించి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అన్నీ అలలు అలలుగా వంకరలు తిరిగి ఉన్నాయి. మర్నాడే ఇవ్వాల్సినవి, మళ్లీ చేసే టైమ్ లేదు. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. తెల్ల గమ్‌లో నీళ్లుంటాయి, పీచు ఆ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అదీ గ్రెయిన్‌కు అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే షీటు వంకర పోతుంది. కాబట్టి గమ్ ఒక మూత మీద వేసుకుని, అట్టముక్క అంచుతోనో బ్రష్‌తోనో పల్చగా, లోపలి నుంచి అంచుల వైపు లాగుతూ రాయండి. అంటించాక పైనా కిందా తెల్ల కాగితం వేసి బరువైన పుస్తకాల కింద కనీసం అరగంట ఉంచండి. పెద్ద కాగితాన్ని కాగితం మీద మొత్తంగా అంటించాలంటే రెండిటి గ్రెయిన్ ఒకే దిశలో ఉండేలా చూసుకోండి. తొందరగా ఉంటే గ్లూ స్టిక్ గానీ రెండువైపులా అంటుకునే టేపు గానీ మేలు, వాటిలో తడి తక్కువ లేదా అసలే ఉండదు.

పాపప్ కార్డు

తెరవగానే లోపలి నుంచి మూడు చిన్న గిఫ్టు పెట్టెలు లేచి నిలబడే కార్డు ఇది. పుట్టినరోజుకైనా, పండగకైనా, కొత్త సంవత్సరానికైనా పెట్టెల రంగు మారిస్తే చాలు.

ఏ4 షీట్ కొలత 210 × 297 మిల్లీమీటర్లు. 200 జీఎస్ఎం పైన ఉన్న ఏ4 షీటును పొడవు సగానికి కోస్తే రెండు ముక్కలు వస్తాయి, ఒక్కోటి 210 × 148. అందులో ఒక ముక్కను మధ్యలో గీటుపెట్టి మడిస్తే 105 × 148 కార్డు అవుతుంది, ఇది పై అట్ట. లోపలికి 100 నుంచి 120 జీఎస్ఎం కాగితం 200 × 138 కొలతకు కోసి, అదీ సగానికి మడవండి. ఇప్పుడు అది 100 × 138. మడత పొడవు 138.

మడిచిన లోపలి కాగితాన్ని మడత మీ వైపు ఉండేలా పెట్టుకోండి. ఎడమ చివర నుంచి 21 మిల్లీమీటర్లు వదిలి, 25 వెడల్పు ఒక పెట్టెకు, 10 ఖాళీ, మళ్లీ 25, 10 ఖాళీ, మళ్లీ 25 అని పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. ఒక్కో పెట్టెకు రెండు అంచుల దగ్గర మడత నుంచి లోపలికి కోతలు పెట్టాలి. మొదటి పెట్టెకు 20, రెండోదానికి 45, మూడోదానికి 35 మిల్లీమీటర్ల లోతు. రెండు పొరలూ కలిపే కోయాలి. కోతలు ఆగినచోట రెండిటినీ కలుపుతూ గీటు పెట్టి, ఆ ముక్కను ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి మడవండి. తర్వాత కాగితం తెరిచి, లంబకోణంలో పట్టుకుని, వెనక నుంచి వేలితో ఒక్కో ముక్కను లోపలికి తోయండి. మధ్య మడత ఎదురు తిరిగి పెట్టెలా నిలబడుతుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. కోత లోతు ఎంతైతే, కార్డు మూసినప్పుడు ఆ పెట్టె దానికి రెట్టింపు దూరం ముందుకు వస్తుంది. 45 లోతు పెట్టె 90 దాకా వస్తుంది, కాగితం వెడల్పు 100 కాబట్టి లోపలే ఉంటుంది. అదే 55 కోస్తే 110, కార్డు మూశాక బయటికి తొంగిచూస్తుంది. ఎంత పెద్ద కార్డు చేసినా, పేజీ వెడల్పులో సగం కన్నా కోత తక్కువే ఉండాలి.

ఇక అంటించడం. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. లోపలి కాగితం రెండు సగాలకూ ఒకేసారి గమ్ రాయకండి. ఒక సగానికి మాత్రమే రాసి, పెట్టెల వెనక ఖాళీగా ఉన్నచోట ఒక్క చుక్క కూడా తగలకుండా చూసుకుని, లోపలి మడత సరిగ్గా పై అట్ట మడతలో కూర్చునేలా అంటించండి. తర్వాత పెట్టెలన్నీ లోపలికి మడిచి, లోపలి కాగితం మూసి, పైకి కనిపిస్తున్న రెండో సగానికి గమ్ రాసి, పై అట్టను దానిమీదకు మూసేయండి. మూసిన స్థితిలోనే ఆరాలి. ఇలా చేస్తే కార్డు తెరిచి మూసినప్పుడు ఎక్కడా పట్టేయదు. ఆరాక పెట్టెల ముందువైపు రంగు కాగితం ముక్కలు అంటించి, సన్నటి పట్టీ రిబ్బన్‌లా వేయండి, అంతే. గ్లిటర్ వద్దు, మడతల్లో రాలి చివరికి ఇల్లంతా అవుతుంది.

మూత ఉన్న గిఫ్టు పెట్టె

గమ్ లేకుండా ఒక్క చదరపు కాగితంతో వచ్చే పెట్టె ఇది. ఓరిగామిలో, అంటే జపాన్ వాళ్ల కాగితం మడతల కళలో, దీన్ని మసు బాక్స్ అంటారు, వీడియోలు చూడాలంటే ఆ పేరుతో వెతకండి. మడతలు చూపించే ఓరిగామి బొమ్మల్లో చుక్కగీతలు చూసి కంగారుపడొద్దు, చిన్న చిన్న గీతలుగా ఉంటే లోయలా లోపలికి మడవమని, గీత, చుక్క కలిసి ఉంటే కొండలా బయటికి మడవమని. ఈ గుర్తులు, బాణాల పద్ధతికి మూలం జపాన్ ఓరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005), ఇప్పుడు ఏ దేశం వాళ్లు గీసిన బొమ్మైనా అందరికీ అర్థమవుతోందంటే ఆయన వల్లే.

1. ఏ4 నుంచి 210 మిల్లీమీటర్ల చదరం కోయండి, ఇది మూతకు. ఇంకో షీటు నుంచి 205 చదరం, ఇది అడుగుకు. ఆ 5 మిల్లీమీటర్ల తేడా లేకపోతే మూత ఎక్కదు.

2. రంగువైపు కిందకు పెట్టి, అంచుకు అంచు కలిపి సగానికి మడిచి తెరవండి, ఇంకోవైపూ అలాగే. మధ్యలో ప్లస్ గుర్తులా గీతలు పడతాయి.

3. నాలుగు మూలలూ మధ్య బిందువుకు తెచ్చి మడవండి. మూలలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, వెంట్రుకవాసి దూరం ఉన్నా ఫర్వాలేదు.

4. అలాగే ఉంచి, ఎదురెదురు అంచులను మధ్య గీతకు తెచ్చి గట్టిగా మడిచి తెరవండి. మిగతా రెండు అంచులకూ అదే.

5. ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను పూర్తిగా తెరిచేయండి, ఒకటి పైకి, ఒకటి కిందకి. కుడి, ఎడమ మూలలు మధ్యలోనే ఉంటాయి. ఇప్పుడు కుడి, ఎడమ అంచులను పైకి లేపితే రెండు గోడలు నిలబడతాయి.

6. ఇక్కడ అందరూ ఆగిపోతారు. తెరిచి ఉన్న ఒక కొసను పైకి లేపుతూ, గోడల చివరలను రెండు చూపుడు వేళ్లతో లోపలికి నొక్కండి. రెండో అడుగులో పెట్టిన ప్లస్ గీతలున్నాయే, అవే ఇప్పుడు మూలల దగ్గర ఏటవాలుగా వచ్చి లోపలికి ముడుచుకుంటాయి. కాగితాన్ని బలవంతపెట్టకండి, పాత గీతలు ఎటు వెళ్లమంటే అటు వెళ్లనివ్వండి. లేచిన కొసను గోడ మీదుగా లోపలికి దించితే దాని మొన సరిగ్గా మధ్య బిందువు దగ్గర ఆగుతుంది. రెండోవైపూ అంతే.

మూల వదులుగా ఉంటే నాలుగో అడుగులో గీతలు సరిగా పడలేదని, మొదటి నుంచి మళ్లీ చెంచాతో రుద్దండి. లోపల మధ్యలో కలిసిన నాలుగు కొసలూ లేస్తుంటే చిన్న గ్లూ స్టిక్ మచ్చ పెడితే సరి.

మీకు కావాల్సిన సైజుకు కాగితం ఎంత ఉండాలో లెక్క చెబుతాను. పెట్టె అడుగు వెడల్పు కాగితం భుజంలో సుమారు 0.35 వంతు, ఎత్తు అడుగు వెడల్పులో సగం. 210 కాగితానికి దాదాపు 74 మిల్లీమీటర్ల వెడల్పు, 37 ఎత్తు వస్తుంది, చెవిపోగులకో, ఉంగరానికో, చిన్న ఉత్తరం మడిచి పెట్టడానికో సరిపోతుంది. అడుగు 10 సెంటీమీటర్లు కావాలంటే కాగితం 28.3 సెంటీమీటర్ల చదరం తీసుకోవాలి. బరువైన వస్తువైతే అడుగున ఒక అట్టముక్క కోసి వేయండి.

వేలాడదీసే చక్రం

పండగకు గోడ మీద, కిటికీ దగ్గర, గుమ్మానికి పెట్టుకునే అలంకరణల్లో తక్కువ శ్రమతో ఎక్కువ నిండుగా కనిపించేది ఇదే. ఒక్కో చక్రానికి రెండు ఏ4 కాగితాలు. షీటును పొడవు సగానికి, మళ్లీ సగానికి, అలా నాలుగుసార్లు మడిచి తెరిస్తే 16 సమాన భాగాలు వస్తాయి, స్కేలుతో కొలవక్కర్లేదు. ఆ గీతల మీదే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి విసనకర్రలా మడవండి. 21 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ అవుతుంది. రెండు చివరలను కత్తెరతో ఏటవాలుగా కోస్తే నక్షత్రంలా, గుండ్రంగా కోస్తే పూవులా వస్తుంది. పక్కన మడతల మీద చిన్న చిన్న త్రికోణాలు కోస్తే విప్పినప్పుడు జాలీలా ఉంటుంది, కానీ మధ్యకు మరీ దగ్గరగా కోయకండి. మధ్యలో దారంతో గట్టిగా కట్టి రెండువైపులా విప్పండి. ఒక షీటుతో చక్రం మూయడానికి కాగితం చాలదు, అందుకే రెండు. రెండిటినీ పక్కపక్కన పెట్టి అంచు మడతలు అంటిస్తే 21 సెంటీమీటర్ల చక్రం పూర్తి. వెనక దారం అంటించి వేలాడదీయండి.

దీపాల దగ్గర పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. కాగితం అలంకరణల పక్కన కొవ్వొత్తి గానీ మంట ఉన్న ఏ దీపం గానీ వద్దు, కాగితపు లాంతర్ల లోపల అసలే వద్దు. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ లైట్లు పెట్టండి.

క్రేప్ గులాబీ

క్రేప్ పేపర్‌లో సన్నటి ముడతలు ఒకే దిశలో ఉంటాయి. ఆ ముడతలకు అడ్డంగా లాగితే కాగితం సాగుతుంది, వెంబడి లాగితే సాగదు. పూవు అందమంతా ఈ ఒక్క సంగతి మీద ఉంది. రేకు కోసేటప్పుడు ముడతలు రేకు మొదలు నుంచి కొన వైపు నిలువుగా ఉండాలి.

4 సెంటీమీటర్ల వెడల్పు, 5 ఎత్తు ఉన్న చిన్న రేకులు నాలుగు, 6 × 6 పెద్దవి ఆరు కోయండి. పైభాగం గుండ్రంగా, కింద కాస్త సన్నగా. రేకును రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లు రెండూ మధ్యలో ఆనించి మెల్లగా పక్కలకు సాగదీయండి. మధ్యలో ముడతలు విచ్చుకుని, చిన్న దోనెలా లోతు పడుతుంది, అంచులు మాత్రం అలాగే ఉంటాయి. ఇది చూస్తుండగానే చదునైన కాగితం ముక్క కాస్తా రేకు అవుతుంది. పెద్ద రేకుల పై అంచును పెన్సిల్‌కు చుట్టి వెనక్కి ఒంపు తిప్పండి, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. అన్నీ ఒకేలా ఉంటే ప్లాస్టిక్ పూవులా అనిపిస్తుంది.

తీగ గానీ సన్నటి పుల్ల గానీ తీసుకుని, మొదటి చిన్న రేకును దానికి బిగుతుగా మొగ్గలా చుట్టి అడుగున దారం వేయండి. మిగతా చిన్నవి ఒకదాని సగం మీద ఇంకోటి వచ్చేలా చుట్టూ పెట్టండి, తర్వాత పెద్దవి. రెండు రేకులకోసారి దారం బిగించాలి, అన్నీ పెట్టాక ఒకేసారి కడదామంటే జారిపోతాయి. చివర ఆకుపచ్చ క్రేప్‌ను 1 సెంటీమీటరు పట్టీలుగా, ఈసారి ముడతలకు అడ్డంగా కోయండి, అప్పుడు పట్టీ పొడవునా సాగుతుంది. ఒక కొసకు గమ్ చుక్క పెట్టి, లాగుతూ ఏటవాలుగా కాడ కింది దాకా చుట్టుకుంటూ వెళ్లండి.

ఎక్కువ సంఖ్యలో చేయాలంటే

ఇరవై కార్డులు కావాలంటే ఒక్కో కార్డు మొదలుపెట్టి పూర్తి చేయకండి. ఒకరోజు కోతలన్నీ, ఇంకోరోజు గీట్లు, మడతలన్నీ, తర్వాత అంటింపులు. చెయ్యి ఒకే పనికి అలవాటుపడి వేగం వస్తుంది, కొలతలూ తప్పవు. ముందు ఒక్కటి మాత్రం చివరిదాకా చేసి చూడండి, కొలతలో తప్పుంటే ఇరవై షీట్లు పాడవకుండా అక్కడే బయటపడుతుంది. పండగకు రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే గమ్ ఆరడానికి, పోయినవి మళ్లీ చేయడానికి తీరిక ఉంటుంది.

ఎక్కువకాలం దాచుకోవాలని ఇచ్చే వస్తువుకు న్యూస్‌పేపర్ వాడకండి, అందులో లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) ఎక్కువ ఉండటం వల్ల వెలుతురు తగిలితే పసుపురంగుకు తిరుగుతుంది. కార్డులకు యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనిది) అని రాసి ఉన్న కాగితం దొరికితే మంచిది. క్రేప్ పూలు నేరుగా ఎండ పడేచోట పెడితే రంగు వెలిసిపోతుంది, తడి తగిలితే రంగు కారుతుంది, కాబట్టి తీసుకున్నవాళ్లకు ఆ మాట చెప్పి ఇవ్వండి. చక్రాలను పండగ అయ్యాక అంటించిన ఒక్క అంచు ఊడదీసి మళ్లీ పట్టీలా మూసి, రబ్బరు బ్యాండు వేయకుండా వదులుగా దారం కట్టి కవర్లో పెట్టుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తాయి. పాపప్ కార్డు పోస్టులో పంపేటప్పుడు కవర్లో దానితోపాటు ఒక మందపాటి అట్ట పెట్టండి, దారిలో వంగినా లోపలి పెట్టెలు నలగవు.